మీట కింద ఉన్నంతసేపు

మైకుల షాపు, వెనక గది
ఫిబ్రవరి

వదినకు,

ఫోను చేయకుండా ఉత్తరం ఏమిటని అడుగుతావు. రోజంతా మైకుల్లో జనం గొంతులు విని వస్తాను. సాయంత్రానికి కాగితమే హాయిగా ఉంటుంది. పైగా ఈ సంగతి ఫోనులో చెబితే నువ్వు మధ్యలో అయ్యో అయ్యో అంటావు. వరసగా చెప్పనివ్వు.

మొన్న షాపుకి ఒకావిడ వచ్చింది. కొడుకు స్కూలు వార్షికోత్సవానికి స్పీకర్లు కావాలంది. నేను వైర్లు చుడుతూ తలెత్తకుండానే జవాబులు చెబుతున్నాను. ఆవిడ నా ఎడమవైపు నిలబడి ఉంది. ఉన్నట్టుండి మాట ఆపేసి, "నీకు వినపడుతోందే!" అంది. అప్పుడు తలెత్తి చూశాను. ప్రెస్సు అబ్బాయి అక్క.

అవును, ఆ ప్రెస్సు అబ్బాయే. మా పెళ్ళి శుభలేఖ తానే కంపోజు చేసి, తానే అచ్చు వేసి, వాళ్ళమ్మ వద్దనగానే ఆ కట్టలు తూకానికి వేసిన మనిషి.

ఆవిడను స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించాను. నా పెళ్ళి ఎందుకు ఆగిపోయిందో అడిగాను. దాచకుండా చెప్పింది. "మీ బాబాయిగారే మా అమ్మకు చెప్పారమ్మా. బస్టాండు బెంచీ మీద, చెవి దగ్గర నోరు పెట్టి. పిల్లకు ఎడమ చెవి వినపడదు, కొన్నాళ్ళకు రెండోదీ పోతుంది, ఇంట్లో దాస్తున్నారు అని. నేను చెప్పానని మాత్రం అనకండి అన్నారు. నేను పక్కనే ఉన్నాను."

మన గుసగుస బాబాయి. బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగిందో రిటైరయ్యేదాకా మైకులో అరిచి చెప్పిన మనిషి, ఇంటికొస్తే మాత్రం ఎవరితోనూ చెవిలో తప్ప మాట్లాడడు. ఇన్నాళ్ళూ చుట్టాల్లో ఎవరు కనిపించినా "చెడగొట్టింది ఈవిడేనా? ఈయనేనా?" అనుకునేదాన్ని. ఇక ఆ అవసరం లేదు.

రెండో సంగతి. నిన్న ఆ బాబాయే షాపుకి వచ్చాడు. మే నెలలో కూతురి పెళ్ళి. "ఇంట్లో నువ్వుండగా మైకులు బయటివాళ్ళకు ఇస్తే ఏం బాగుంటుందమ్మా" అన్నాడు. నా చెవిలోనే అన్నాడు, అదీ ఎడమ చెవిలో. సరేనన్నాను.

పెళ్ళికూతురి తండ్రి వేదిక మీద నాలుగు మాటలు మాట్లాడతాడు కాబట్టి వీడియోవాళ్ళు ఆయనకు కాలరు మైకు పెట్టమంటారు. పెట్టేది నేను. బాబాయి ఒక పూట కూడా ఎవరి చెవీ కొరకకుండా ఉండలేడు. మగపెళ్ళివారి గురించో, మనవాళ్ళ గురించో ఏదో ఒకటి అంటాడు. అప్పుడు నా బల్ల మీద ఆ మైకు మీట పైకి తోస్తాను. ఆయన నా గురించి చెవిలో చెప్పాడు. ఆయన మాట హాలంతా వింటుంది.

అన్నయ్యకు చెప్పకు.

నీ మరదలు


స్కూలు ఆఫీసు
ఫిబ్రవరి

మరదలు పిల్లా,

నీ ఉత్తరం చూసి మా హెడ్‌మాస్టరు "ఈ రోజుల్లో కూడా ఉత్తరాలా!" అని నవ్వాడు. "మా ఆడపడుచండీ, దానివన్నీ అంతే" అన్నాను. చదివాక నా నవ్వు పోయింది. ఫీజు రసీదుల మీద స్టాంపు తలకిందులుగా వేసుకుంటూ కూర్చున్నాను.

ఎంత పని చేశాడే మీ బాబాయి! ఆయన నోటిని నేనెప్పుడూ నమ్మలేదు. నా పెళ్ళిలో కూడా నా చెవిలో "మీ అత్తగారికి కోపం ఎక్కువ, జాగ్రత్త" అని వెళ్ళి, మీ అమ్మ చెవిలో "కోడలికి పొగరు ఎక్కువ, జాగ్రత్త" అన్నాడు. మేమిద్దరం తర్వాత చెప్పుకుని నవ్వుకున్నాం.

కానీ అమ్మాయ్, అయిందేదో అయిపోయింది. ఆ ప్రెస్సువాడు మాత్రం అంత గొప్పవాడా? తల్లి ఒక్క మాట అంటే శుభలేఖలు అమ్ముకున్నవాడు రేపు నిన్ను మాత్రం నిలబెట్టేవాడా? ఆ సంబంధం తప్పింది కాబట్టే నువ్వు షాపు పెట్టుకున్నావు, నీ కాళ్ళ మీద నిలబడ్డావు. నేనైతే బతికిపోయాననుకునేదాన్ని.

అదీగాక, పెళ్ళికూతురు ఏం పాపం చేసింది? అది మొన్న పుట్టినట్టే ఉంది. దాని పెళ్ళిలో తండ్రి పరువు తీస్తే అది జన్మలో నిన్ను క్షమిస్తుందా?

ఇంతకీ నాకో అనుమానం. కాలరు మైకు పెట్టుకుంటే ఆ మనిషి అన్న ప్రతి మాటా బయటికి వచ్చేస్తుందా? పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? దీపమేదైనా వెలుగుతుందా? నాకు ఈ మిషన్ల గొడవ తెలియదు కదా, అందుకని అడుగుతున్నాను.

నీ మేనకోడలికి ఒక సంబంధం వచ్చింది. బ్యాంకులో ఉద్యోగం. "అత్తకు ఫోటో పంపు, అత్త బాగుందంటేనే" అంటోంది. నీ మాటంటే దానికి అంత గురి. ఫోటో వెనక ఏమీ రాయలేదు, నీకు నచ్చిందో లేదో నువ్వే రాయి.

వదిన


మైకుల షాపు
మార్చి

వదినా,

అబ్బాయి బాగున్నాడు. కెమెరా వైపు కాకుండా పక్కనున్న వాళ్ళమ్మ వైపు చూస్తున్నాడు. అది మంచికో చెడుకో కలిసి మాట్లాడితే గాని తెలియదు. పిల్లను మాట్లాడమను.

నువ్వు అడిగినవాటికి జవాబులు.

కాలరు మైకు చొక్కాకు గుచ్చుతాం. దాని తీగ నడుం దగ్గరున్న చిన్న డబ్బాకు వెళుతుంది. డబ్బాలో బ్యాటరీ ఉంటుంది. పైన ఎర్ర దీపం వెలుగుతుంది గాని, వీడియోలో కనపడకుండా దాని మీద నల్ల టేపు అంటిస్తాం. కాబట్టి పెట్టుకున్న మనిషికి ఏమీ తెలియదు. నా బల్ల మీద ఒక్కో మైకుకి ఒక్కో మీట ఉంటుంది. మీట కింద ఉన్నంతసేపు హాల్లో ఎవరికీ ఏమీ వినపడదు. పైకి తోస్తే వినపడుతుంది.

పెళ్ళికూతురు ఏ పాపమూ చేయలేదు. నేనూ ఏ పాపమూ చేయలేదు.

నా కాళ్ళ మీద నేను నిలబడ్డానని రాశావు. ఎలా నిలబడ్డానో నీకు గుర్తుందో లేదో. ఆ సంబంధం పోయిన తర్వాత అన్నయ్యకు బదిలీ అయింది, మీరు వెళ్ళారు. అప్పటికే మంచం పట్టిన అమ్మ దగ్గర నేను ఉన్నాను. ఒకే వైపు పడుకుంటే వీపున పుళ్ళు పడతాయి కాబట్టి అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. ఆమె బరువుకు నా నడుం పట్టేసేది. వంటింట్లో ఉంటే అమ్మ పిలుపు వినపడేది కాదు. అందుకని ఆమె తలగడ పక్కన ఒక మైకు, వంటింట్లో ఒక పాత స్పీకరు పెట్టాను. ఈ పని నేను నేర్చుకున్నది అలా. అమ్మ పోయేనాటికి నాకు పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు లేరు.

ఇంకో సంగతి నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ రోజుల్లో నా ఎడమ చెవికి చీము పట్టింది. చుక్కల మందు వేసి దూది పెట్టింది నువ్వే. పెళ్ళివారికి తెలిస్తే లేనిపోనివి అనుకుంటారు, ఎవరికీ చెప్పకు అన్నదీ నువ్వే. చెప్పలేదు, అమ్మకు కూడా. ప్రెస్సు అబ్బాయి వాళ్ళమ్మ మన ఇంటికి వచ్చిన రోజు నేను కిటికీ దగ్గర కప్పులు సర్దుతున్నాను. ఆవిడ నా వెనక, సరిగ్గా ఎడమవైపుకు వచ్చి నిలబడి పిలిచిందట. దూది ఉంది కాబట్టి నాకు వినపడలేదు. ఆవిడ టీ ముట్టకుండా వెళ్ళిపోయింది. ఏ వైపు నిలబడాలో ఆవిడకు బాబాయి చెప్పాడు, సరే. మరి బాబాయికి ఎవరు చెప్పారు? ఆయన ఆ రోజుల్లో మన గడపే తొక్కలేదు.

పెళ్ళి రోజున అది కూడా ఆయన్నే అడుగుతాను.

నీ మరదలు


స్కూలు ఆఫీసు
ఏప్రిల్

అమ్మాయ్,

పరీక్షల హడావుడిలో ఉత్తరం ఆలస్యమైంది. కోపం తెచ్చుకోకు.

నీ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. మీ అమ్మ గురించి రాసిన చోట ఏడుపొచ్చింది. మేము వెళ్ళకుండా ఉండాల్సింది. మీ అన్నయ్య ఉద్యోగం, పిల్ల చదువు, ఏం చేస్తాం చెప్పు. నువ్వున్నావనే ధైర్యంతోనే వెళ్ళాం.

చెవి సంగతి మీ బాబాయికి మీ అమ్మే చెప్పి ఉంటుంది. నువ్వు చెప్పలేదంటావు గాని, తల్లికి తెలియకుండా ఉంటుందా? పోయినావిడను ఇప్పుడు ఏం అడుగుతాం. ఆ ప్రశ్న వదిలేయి. అసలు ఆ ప్రెస్సువాడి అక్క మాత్రం నిజమే చెప్పిందని ఏమిటి నమ్మకం? వాళ్ళ తప్పు మన వాళ్ళ మీదకు తోసేయడానికి అలా అని ఉండొచ్చు.

నా మాట విని ఆ మీట జోలికి పోవద్దు. పోయేది ఒక్క మీ బాబాయి పరువే కాదు. ఇప్పుడు మన పిల్ల సంబంధం మాటల్లో ఉంది. మన ఇంట్లో పెళ్ళిలో ఇలా జరిగిందని బ్యాంకు అబ్బాయి వాళ్ళకు తెలిస్తే? నీ మేనకోడలి బతుకు మీద ఒట్టు.

పెళ్ళికి మేం ముందు రోజే వస్తున్నాం. నేను నీ బల్ల పక్కనే కూర్చుంటాను. నువ్వు మీట మీద చెయ్యేస్తే నీ చేతి మీద ఒక్కటి వేస్తాను, చూస్కో.

మీట కింద ఉంటే ఎవరికీ వినపడదని రాశావు. అది ఖాయమేనా?

వదిన


మైకుల షాపు
మే మొదటి వారం

వదినా,

అమ్మ మంచం దిగలేదు, బాబాయి గడప తొక్కలేదు. ఆమె ఆయనకు ఎలా చెప్పిందో నాకు అర్థం కాలేదు. నువ్వన్నావు గనక ఆలోచిస్తున్నాను.

నా బల్ల పక్కన కుర్చీకి చోటు లేదు. స్పీకర్ల డబ్బాలు ఉంటాయి. నువ్వు ముందు వరసలో కూర్చో.

మీట కింద ఉంటే హాల్లో ఎవరికీ వినపడదు. ఖాయమే.

నీ మరదలు


స్కూలు క్వార్టర్సు
మే చివర

బంగారు మరదలా,

ఇంటికొచ్చి బట్టలు కూడా సర్దుకోకుండా రాస్తున్నాను. ఏం పెళ్ళి, ఏం పెళ్ళి! ఆ పూల అలంకరణ, ఆ దీపాలు, వీడియోవాడు నిచ్చెన మీద నుంచి జారబోతే వంటవాళ్ళు పట్టుకోవడం. మీ బాబాయి ఉపన్యాసం చూశావా? "నా కూతురు" అని మొదలుపెట్టి "ప్రయాణికులకు విజ్ఞప్తి" అనేశాడు! పెళ్ళికొడుకు కూడా నవ్వాపుకోలేకపోయాడు. నువ్వు మాత్రం నవ్వలేదు. చెవులకు ఆ రెండు గిన్నెలు తగిలించుకుని రాయిలా కూర్చున్నావు.

నేను ఆ రోజంతా నీ చేతివైపే చూశాను. ఉపన్యాసం అయ్యాక మీట కిందికి దించావు, ఇక ముట్టుకోలేదు. ఆయన ఎవరెవరి చెవుల్లోనో ఊదుతూనే ఉన్నాడు, నువ్వు మాత్రం ముట్టుకోలేదు. నాకు నీ కాళ్ళ మీద పడాలనిపించింది. వయసులో చిన్నదానివి గనక పడలేదు. ఎంత పెద్ద మనసే నీది! పెళ్ళికూతురు కారెక్కేటప్పుడు నిన్ను వాటేసుకుని ఏడ్చింది చూడు, అది నీకు దక్కిన ఫలం.

ఇప్పుడు అసలు కబురు. బ్యాంకు అబ్బాయితో మన పిల్ల పెళ్ళి ఖాయమైంది! సెప్టెంబరులో. అది మొట్టమొదట అన్న మాట "మైకులు అత్తవే" అని. మీ అన్నయ్య కూడా అదే అన్నాడు. బయటివాళ్ళు పెడితే మనకు సిగ్గు. రావాలి, తప్పదు.

నీ వదిన


మైకుల షాపు
జూన్

వదినగారికి,

పెళ్ళి ఖాయమైనందుకు సంతోషం. మేనకోడలికి నా ఆశీస్సులు చెప్పండి.

మైకుల పనికి నేను వస్తాను. పెళ్ళికూతురి తల్లిదండ్రులిద్దరూ వేదిక మీద మాట్లాడాలని పిల్ల నాకు ఫోను చేసి చెప్పింది. మీకు, అన్నయ్యకు చెరొక కాలరు మైకు తెస్తాను. ఉదయం నుంచి కారు కదిలేదాకా ఉంచుకోవాలి. మధ్యలో తీసి పెట్టడం వల్ల తీగలు పాడవుతాయి.

హాలు కొలతలు పంపండి.

మీ ఆడపడుచు


స్కూలు ఆఫీసు
జూన్

ఏమే,

ఏమిటీ ఈ "మీరు", ఈ "గారు"? నేనేమన్నా జిల్లా కలెక్టరునా? నా పెళ్ళైన కొత్తలో నా జడ పట్టుకు లాగినదానివి, ఇప్పుడు "చెప్పండి, పంపండి" అంటావా! మీ అన్నయ్యకు చూపిస్తే "మీ ఇద్దరికీ ఏమైంది?" అన్నాడు. ఏమీ కాలేదు, సరదాకి రాసింది అన్నాను. సరదాకే కదా?

ఒంట్లో బాగుందా? ఆ పెళ్ళిలో నేనేమన్నా తప్పుగా అన్నానా? అంటే అన్నానని మొహం మీద చెప్పు.

కాలరు మైకు మీ అన్నయ్యకు చాలు. నాకు వేదిక ఎక్కితే నోరు ఎండిపోతుంది. పైగా రోజంతా అది గుచ్చుకుని తిరగాలంటే నాకు చిరాకు. పిల్లకు నువ్వే సర్దిచెప్పు.

హాలు కొలతలు మీ అన్నయ్య పంపుతాడు. వెంటనే జవాబు రాయి.

వదిన


మైకుల షాపు
జూలై

వదినగారికి,

మొహం మీద చెప్పమన్నారు. చెబుతున్నాను.

మీట కింద ఉంటే హాల్లో ఎవరికీ వినపడదని మీకు రాశాను. అది నిజం. మీట ఎక్కడున్నా బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు వినపడుతుంది. మీరు చూసిన ఆ రెండు గిన్నెలు, హెడ్‌ఫోన్లు, అందుకే. ఈ సంగతి నేను రాయలేదు. మీరు అడగలేదు.

ఉపన్యాసం అయ్యాక మీరు వేదిక ఎక్కారు. బల్ల వైపు చూశారు. మీట కింద ఉంది. బాబాయి పక్కకు వెళ్ళి ఆయన చెవిలో మాట్లాడారు. ఆయన చెవికి, చొక్కా కాలరుకి మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆయన మాటకన్నా మీ మాటే బాగా వినిపించింది. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

మీరు: "మావయ్యా, ఇవాళ ఎవరి చెవిలోనూ ఏమీ చెప్పకండి. అది మీ కోసమే కాచుకుని కూర్చుంది."

బాబాయి: "నేనేం చేశానమ్మాయ్?"

మీరు: "చెవి సంగతి. మీరే చెప్పారని దానికి తెలిసిపోయింది. అడిగితే నా పేరు మాత్రం ఎత్తకండి."

బాబాయి: "చెప్పింది నేనే. చెప్పమన్నదెవరు? బస్టాండుకు వచ్చి మరీ నా చేత చెప్పించావు. ఎడమ చెవో కుడి చెవో నాకేం తెలుసు?"

మీరు: "మెల్లగా! అప్పుడు అత్తగారు మంచాన పడి ఉన్నారు. అది పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే ఆవిడ దుప్పట్లు ఎవరు ఉతుకుతారు, నేనా?"

బాబాయి: "నీ పని జరిగింది, మాట నాకొచ్చింది. సరేలే, వెళ్ళు, నవ్వుతూ ఉండు, వీడియో తీస్తున్నాడు."

మీరు నవ్వారు. వీడియోలో ఉంది.

నా చెయ్యి మీట పక్కనే ఉంది. తోయలేదు. పెద్ద మనసని రాశారు, అది కాదు. నేను వల వేసింది బాబాయికి. మీ గొంతు వినపడేసరికి ఆ హాలు, ఆ పెళ్ళి నాకు సరిపోవని తెలిసింది.

ఆ చెవిలో మందు వేసేటప్పుడు మీరు సీసాను అరచేతిలో పెట్టుకుని వెచ్చబరిచేవారు, చల్లగా ఉంటే నొప్పెడుతుందని. నిందను పోయిన అమ్మ మీదకు తోసేశారు. ఈ రెండూ చేసింది ఒకే మనిషని నమ్మడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. ఇప్పుడు నమ్ముతున్నాను.

అన్నయ్యకు చెప్పలేదు. చెప్పనని మాట ఇవ్వను.

సెప్టెంబరులో మైకుల పని నేనే చేస్తాను. కాలరు మైకు మీకు నా చేత్తో పెడతాను. వద్దంటే ఎందుకు వద్దో అన్నయ్యకు, పిల్లకు మీరే చెప్పుకోండి. పెట్టుకున్నాక మీరు ఎవరి చెవిలో ఏమన్నా ముందు నేను వింటాను. తర్వాత హాలు వినాలో వద్దో నా చెయ్యి చూసుకుంటుంది. మీట ఎక్కడుందో కనపడకుండా ఈసారి బల్లకు అడ్డంగా గుడ్డ కడుతున్నాను.

హాలు కొలతలు అందాయి.

మీ ఆడపడుచు


స్కూలు క్వార్టర్సు
సెప్టెంబరు చివర

ఆడపడుచుకు,

పెళ్ళి అయిపోయింది. నువ్వు చూశావు కాబట్టి నేను వర్ణించక్కరలేదు.

నీ జూలై ఉత్తరానికి జవాబు రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రాయలేదు. ఏం రాసినా నువ్వు నమ్మవు, నమ్మాలని అడిగే మొహం నాకు లేదు.

వేదిక మీద నా వంతు వచ్చినప్పుడు దణ్ణం పెట్టి దిగిపోయాను. ఏడుపు ఆపుకోలేక మాట్లాడలేదని అందరూ అనుకున్నారు. వియ్యపురాలు "మీ అమ్మ మాట్లాడరా?" అని పిల్లను అడిగింది. "మా అమ్మా? మాట్లాడితే ఆపడం కష్టం" అని అది నవ్వింది. ఉదయం నుంచి నేను ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. దాహం వేస్తే సైగ చేశాను. మీ అన్నయ్య గొంతు పట్టేసిందేమోనని బిళ్ళలు తెచ్చి ఇచ్చాడు. మింగాను.

కారెక్కే ముందు పిల్ల నా దగ్గరికి వచ్చి నా నోటి దగ్గర చెవి పెట్టింది. "అమ్మా, ఏదైనా చెప్పు" అంది. దానికి చెప్పాలని చిన్నప్పటినుంచీ దాచుకున్న మాటలు ఉన్నాయి. ఆడపిల్లకు తల్లి చెప్పుకునేవి. గుడ్డ అడ్డంగా ఉంది, నీ చెయ్యి కనపడలేదు. నేను దాని తల నిమిరి ఊరుకున్నాను. నిన్న ఫోనులో "నా మీద కోపమా అమ్మా? నేను అంత దూరం వెళుతుంటే ఒక్క మాట కూడా అనలేదు" అంది. ఏం చెప్పను?

నేను చేసింది చేశాను. లేదని అనను. ఒక్కటి అడుగుతాను, దానికి మాత్రం జవాబు రాయి. అది నా నోటి దగ్గర చెవి పెట్టినప్పుడు మీట పైన ఉందా, కింద ఉందా? కింద ఉంటే చెప్పుకుని ఉండేదాన్ని కదా అని రోజూ అనుకుంటున్నాను.

వదిన


మైకుల షాపు
అక్టోబరు

వదినగారికి,

మీ ఉత్తరం అందింది.

మీట సంగతి అడిగారు. మీట పైన ఉన్నా కింద ఉన్నా ఒకటే. మీ నడుం దగ్గర పెట్టిన డబ్బాలో బ్యాటరీ వేయలేదు. దీపం మీద టేపు ఉంది కాబట్టి మీకు తెలియలేదు.

మీరు ఏం మాట్లాడినా ఎవరికీ వినపడేది కాదు. నాకు కూడా.

నా ఎడమ చెవికి కూడా చెవుడేమీ లేదు, ఆ రోజుల్లో.

మైకు, తీగ, డబ్బా మీ ఇంట్లోనే ఉండిపోయాయి. అన్నయ్య చేత పంపించండి.

మీ ఆడపడుచు